పిల్లల ఎత్తిపోతల పథకం

పట్టిసీమలో గోదారిని ఎత్తి కృష్ణలో పోస్తారని లోకానికంతా తెలుసు. 2015 మార్చిలో శంకుస్థాపన చేసి, సెప్టెంబరుకల్లా నీళ్ళు వదిలారు. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. ఎక్కిన నీరు పోలవరం కుడి కాలవలో పడి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంతకంటే చాలా ముందునుంచీ ఇదే దారిలో ఇంకో ఎత్తిపోతల నడుస్తోంది. దానికి శంకుస్థాపనా లేదు, శిలాఫలకమూ లేదు. పదో తరగతి పరీక్షలు ఇంకా ముగియకముందే పట్టిసం, గూటాల, తాళ్ళపూడి సందుల్లోకి మోటారు సైకిలు మీద ఓ కార్పొరేట్ కాలేజీ పీఆర్వో దిగుతాడు. జూన్ వచ్చేసరికి ఊళ్ళో పదహారేళ్ళ పిల్లలు కనపడరు. రాజమండ్రిలోనో, విజయవాడ చుట్టూ ఉన్న హాస్టళ్ళలోనో తేలతారు.

“ఆయ్, మీరేం బెంగెట్టుకోకండి బాబాయ్ గారూ. అబ్బాయిని మా చేతుల్లో పెట్టేశారు కదండీ, ఇంక ఐఐటీలో దింపే పూచీ మాది” అంటాడు పీఆర్వో. బాబాయ్ గారు పాసుపుస్తకం తాకట్టు పెట్టి ఫీజు కడతారు. ట్రంకు పెట్టె, బకెట్టు, ఆవకాయ సీసా సహా అబ్బాయిని నాలుగో అంతస్తులో దింపి, కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కుతారు. ఆడుకునే జాగా ఏదని అడగడం ఆయనకి తోచదు. తోచినా చూపించడానికి అక్కడ మెట్ల పక్కన నాలుగు గజాలే ఉంటాయి.

నీటి విషయంలో ప్రభుత్వం ఎంత జాగ్రత్త పడిందో చూడండి. మా నీళ్ళు తోడుకుపోతే సార్వా ఏంగాను, దాళ్వా ఏంగాను అని డెల్టా రైతులు గోల పెట్టారు. దాంతో పట్టిసీమ దగ్గర గోదావరి మట్టం 14 మీటర్లకు పైన ఉంటేనే తోడాలని రాశారు. పాటించారా లేదా అన్నది వేరే రగడ. రాతంటూ ఒకటుంది. వరదల కాలం దాటితే పంపులకూ విశ్రాంతే. మరి పిల్లవాడికి ఆ 14 మీటర్ల గీత ఎక్కడ గీశారు? నిద్ర ఎన్ని గంటల కిందికి పడిపోతే తోడటం ఆపాలి? ఒంట్లో ఎన్ని కిలోలు తగ్గితే? కాగితం మీద ఎక్కడైనా గీత ఉన్నా, హాస్టలు గేటు దాటి లోపలికి వచ్చినట్టు లేదు.

మా వైపు రైతుకి బోరు గాలి పీలుస్తున్న చప్పుడు వినపడితే చాలు, అర్ధరాత్రయినా లేచి పరిగెత్తి స్టార్టరు ఆపేస్తాడు. లేకపోతే మోటారు కాలిపోతుంది, వైండింగుకి వేలు వదులుతాయి. అదే రైతు, ఆదివారం ఫోనులో కొడుకు గొంతు జీరపోయి వినపడితే, “మార్కులెన్నొచ్చాయిరా?” అంటాడు.

ఆదివారం అన్నాను గానీ అది సెలవు కాదు, వీకెండ్ టెస్టు. సోమవారం ర్యాంకుల లిస్టు గోడెక్కుతుంది. ర్యాంకు జారితే సెక్షను జారుతుంది. పై సెక్షనుకి హైదరాబాదు నుంచి దింపిన లెక్చరరు, కింది సెక్షనుకి మొన్నమొన్నటిదాకా అదే బెంచీలో కూర్చున్నవాడు. శివరాత్రికి పట్టిసం తీర్థం చూడాలని ఔటింగ్ అడిగి చూడండి. ఎక్కడెక్కడివాళ్ళో లాంచీలెక్కి గోదారి మధ్య గుట్ట మీది వీరభద్రుణ్ణి చూసి పోతారు. ఆ ఊళ్ళో పుట్టిన పిల్ల మాత్రం నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కర్బన రసాయనం బట్టీ పడుతుంటుంది.

అలాగని యాజమాన్యాలకు పిల్లల క్షేమం పట్టదంటే కళ్ళు పోతాయి. జూన్ 21న యోగా దినం జరుపుతారు. తెల్ల టీషర్టులు, ఫ్లెక్సీ, ఫొటోలు. పోయిన గంట రాత్రి స్టడీ అవరులో కలిపేస్తారు. ఒత్తిడిని జయించడమెలాగో చెప్పడానికి ఏడాదికోసారి మోటివేషన్ వక్తను పిలుస్తారు. ఆయన తిన్న రెండు గంటల సిలబసును ఆదివారం కక్కిస్తారు. జ్వరమైనా దిగులైనా వార్డెను దగ్గర ఒకటే మాత్ర. కౌన్సెలింగూ ఉంది: ఫీజు బాకీ పడ్డ పిల్లల్ని ఏవోగారు స్వయంగా గదిలోకి పిలిచి చేస్తారు.

ప్రభుత్వమూ ఊరుకోలేదు. పిల్లలు రాలిపోతున్నారని 2001లో నీరదా రెడ్డి కమిటీ వేసింది. 2017లో చక్రపాణి కమిటీ వేసింది. మొదటి కమిటీ నాడు పుట్టిన పిల్ల రెండో కమిటీ నాటికి సరిగ్గా ఇంటర్‌లో చేరింది.

తెలంగాణ తక్కువ తినలేదు. 2019 ఏప్రిల్ 18న అక్కడ ఇంటర్ ఫలితాలిచ్చారు. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్ళీ చూస్తే 99. ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పిల్ల తప్పితే ఫెయిలట. బోర్డు తప్పితే సాంకేతిక లోపమట. సాంకేతిక లోపానికి సప్లిమెంటరీ ఉండదు.

చివరికి సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. 2023లో విశాఖలో నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోతే, ఆ తండ్రి ఢిల్లీ దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న కోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న నేర గణాంకాలు కోర్టు ముందున్నాయి. నూరుగురు పిల్లలున్న ప్రతిచోటా అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టొద్దంది. నలుగురిలో పరువు తీయొద్దంది. సహాయం కోసం ఫోను చేసే నెంబరు క్లాసుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో రాయమంది. హాస్టలు గదుల్లో ఫ్యాన్లు మార్చమని, డాబాల మీదికి దారులు కట్టడి చేయమని కూడా అంది.

ఇన్నింటిలో మన యాజమాన్యాలకు చటుక్కున అర్థమయ్యేవి ఆ ఆఖరి రెండే. వాటికి ఎలక్ట్రీషియనూ తాళం కప్పా చాలు. మిగతావాటికి టైంటేబులు మార్చాలి. గోడ మీది లిస్టు చింపాలి. పై సెక్షనుకి పోసే ఖర్చులో కొంత కింది సెక్షనుకీ పెట్టాలి. ఒకటి, ఒకటి, ఒకటి అని టీవీలో గొంతు చించుకునే ప్రకటనకి వచ్చే ఏడాది సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్యాను మార్చడం తప్పని ఎవరూ అనరు, అది ప్రాణం నిలబెడుతుంది. ఫ్యాను మార్చి ఇక మా పని అయిపోయిందని బిల్లు పెట్టడమే దుర్మార్గం. రేపో మాపో ఫీజు రసీదులో ‘విద్యార్థి క్షేమం’ అని ఇంకో గడి కనపడినా నేను ఆశ్చర్యపోను.

హాస్టల్లో ఉన్న బాబులూ, అమ్మలూ, మిమ్మల్ని ఉల్లాసంగా ఉండమని ఉపన్యాసం ఇవ్వను, అది వక్తగారి పని. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, చదివింది తలకెక్కకపోయినా అది మీ బద్ధకం కాదు. మట్టం పడిపోయింది, తోడటం ఆపాలి. ఇంట్లో చెప్పండి. మార్కుల మాట ఎత్తితే ఆగమని, మళ్ళీ చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే స్నేహితుడికి చెప్పండి, టెలీ మానస్ 14416కి ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

జూన్‌లో పిల్లల్ని దింపడానికి వెళ్ళే తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ర్యాంకుల ఫ్లెక్సీ ముందు ఫొటో దిగబోయే ముందు, కౌన్సెలరు గది ఎక్కడో చూపించమనండి. గది ఉంటే తలుపు తీయించి, లోపల మనిషున్నారో లేదో చూడండి. 14416 ఏ గోడ మీద రాశారో అడగండి. పిల్లలకు ఫోను ఎప్పుడిస్తారో, ఆదివారం ఎన్ని గంటలు వదులుతారో కాగితం మీద రాసిమ్మనండి. నీళ్ళు నమిలితే ట్రంకు పెట్టె బండిలోంచి దింపకండి.