గరివిడి కుండీలకు తలకిందుల సలహాలు

పీహెచ్ మీటరు కొనకండి. ఇప్పటికే కొని ఉంటే పక్కన పెట్టండి. ఇంట్లో కిటికీ పక్కన, వరండాలో, మేడ మీద కుండీల్లో సేంద్రియంగా మిరప, టమాటా, కరివేపాకు పెంచేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. ఊరంతా కొనమంటున్నప్పుడు ఇది తిరకాసుగా వినిపిస్తుంది. అయినా గట్టిగానే చెబుతాను.

కారణం బోరు దగ్గరే తెలుస్తుంది. భూమి లోపలి నీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. మోటారు వేసి పట్టిన వెంటనే కొలిస్తే మీటరు ఒక అంకె చూపిస్తుంది. ఆ నీళ్లనే బకెట్లో ఉంచి తెల్లారి కొలిస్తే, వాయువు ఎగిరిపోయి ఉంటుంది కాబట్టి అంకె పెరుగుతుంది. రెండింటిలో దేన్ని పట్టుకుని మొక్కకు వైద్యం చేస్తారు? పైగా ఆ పెన్ను లాంటి మీటరును 4.0, 6.86 ద్రావణాల్లో ముంచి తరచూ సరిచూసుకోవాలి. దాని గాజు కొన ఎండిపోకూడదు. డ్రాయరులో పడి ఎండిన మీటరు చెప్పే అబద్ధాన్ని నమ్మడం కంటే అసలు కొలవకపోవడమే నయం.

చూసుకోవాల్సింది క్షారత. నీళ్లు ఈ క్షణాన ఎంత పుల్లగా ఉన్నాయో పీహెచ్ చెబుతుంది. మట్టిలో పుట్టే పులుపును అవి ఎంతవరకు విరిచేయగలవో క్షారత చెబుతుంది. ఆ పని చేసేది ముఖ్యంగా బైకార్బొనేట్. పీహెచ్ 8 ఉన్నా క్షారత తక్కువుంటే కుండీకి పెద్దగా నష్టం లేదు. పీహెచ్ 7.2 మాత్రమే ఉండి, క్షారత లీటరుకు 400 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లు నెలల తరబడి పోస్తే మట్టి చవుడు వైపు జరుగుతుంది. ఇనుము మట్టిలోనే ఉన్నా వేరుకు అందదు. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 క్షారతను 200 లోపు ఉంచమంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మనం నిక్షేపంగా తాగే నీళ్లే కుండీకి బరువు కావచ్చన్నమాట. నీటి పరీక్ష చేయిస్తే రిపోర్టులో పీహెచ్ గడి దాటేసి టోటల్ ఆల్కలినిటీ గడి చదవండి. పరీక్షకు వీలు కాకపోతే నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లటి పెళ్ల కడుతోందంటే సంగతి తెలిసిపోయినట్టే. కుండీ అంచున పేరుకున్న తెల్ల పొర మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే అది బోరు నీళ్లు వదిలిన సున్నమే.

ఇక నిమ్మకాయలు. నీళ్లలో నిమ్మరసం పిండి, వెనిగర్ కలిపి పీహెచ్ దించమనే సలహా ఎంత ఊరించేదో అంత దండగ. కలిపినప్పుడు అంకె దిగే మాట నిజమే. అయితే ఈ పులుపులు రెండూ మట్టిలోని సూక్ష్మజీవులకు తిండి. అవి ఆ పులుపును కొద్ది రోజుల్లో తినేస్తాయి, తిన్నాక మిగిలే సరుకు మళ్లీ బైకార్బొనేటే. ఖర్చు మీది, పండగ వాటిది, క్షారం ఎక్కడిది అక్కడే.

పనికిమాలిన సలహా అని వదిలేద్దామంటే గరివిడిలో దీనికో ప్రమాదం కూడా ఉంది. మనది మాంగనీసు సీమ. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. కోడూరు, గర్భాం గనుల పేర్లు భూగర్భ శాస్త్రవేత్తల పుస్తకాల్లోకి ఎక్కాయి. శ్రీరామ్‌నగర్ ఫేకర్ ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఇక్కడ వెలసిందీ ఈ ఖనిజాన్ని చూసుకునే. మాంగనీసు మొక్కకు కావాల్సినదే, కానీ చిటికెడులో చిటికెడు చాలు. మట్టి పీహెచ్ 5.5 కిందికి దిగితే అది కరిగి ఎక్కువెక్కువగా వేళ్లలోకి వెళ్తుంది. ముదురాకుల మీద గోధుమరంగు చుక్కలు పడతాయి, చిక్కుడు జాతి ముందుగా దెబ్బతింటుంది. మాంగనీసు ఎక్కువైతే ఇనుము అందడం తగ్గుతుంది కాబట్టి లేతాకులు పచ్చబడతాయి. అది చూసి ఇంకాస్త పులుపు పోస్తారు. జబ్బే మందు రూపంలో వచ్చి కూర్చుంటుంది.

పులుపు ఒక్కటే కాదు, నిలవ నీరూ ఇదే పని చేస్తుంది. కుండీలో గాలి ఆడక ప్రాణవాయువు అయిపోతే కొన్ని సూక్ష్మజీవులు దాని బదులు మాంగనీసు ఆక్సైడును వాడుకుంటాయి, అప్పుడూ అది కరిగి బయటపడుతుంది. అందుకే కుండీ కింద పళ్లెం పెట్టకండి. నేల మరకలవుతుందని పెట్టాల్సి వస్తే పోసిన అరగంటలో పళ్లెం ఒంపేయండి.

మీ కుండీ మట్టిలో మాంగనీసు ఉందో లేదో అనుమానమా? మట్టిలోంచి ఒక నల్లటి పలుకు ఏరి, శుభ్రంగా కడిగి, మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వేయండి. నల్ల ఆక్సైడ్ అయితే వెంటనే నురగలు కక్కుతుంది. గెత్తం కలిసిన మట్టి మీద వేస్తే కుళ్లిన ఆకు అలమే కొంత పొంగించేస్తుంది కాబట్టి కడిగిన పలుకు మీదే చూడాలి. గని గుట్టల దగ్గర ఊరికే దొరుకుతోందని నల్లమట్టి తెచ్చి కుండీలు నింపకండి. ఊరవతల ఎర్రనేల మట్టి తెచ్చుకోండి.

అసలు నీళ్ల పీహెచ్ 5.8 ఉండాలి, 6.2 ఉండాలి అనే ఈ అంకెల పిచ్చి మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి లేకుండా, వేళ్లను పోషక ద్రవంలో వేలాడదీసి పెంచే పద్ధతి నుంచి. అక్కడ నీళ్లే నేల కాబట్టి అంకె ముఖ్యమే. గదుల్లో దీపాల కింద గంజాయి పెంచే విదేశీయులు ఈ లెక్కల్ని బాగా ప్రచారం చేశారు. కెనడాలో చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి సాగుకు పదేళ్ల దాకా కఠిన శిక్ష. ఆ పంట మనకు వద్దు, దాని వెంట వచ్చిన అంకెలూ మన మిరప కుండీకి వద్దు. గెత్తం నిండిన మట్టి పులుపునూ క్షారాన్నీ తానే చాలావరకు సర్దుకుంటుంది. గెత్తంలోని నత్రజని అమ్మోనియాగా, ఆ తర్వాత నైట్రేటుగా మారేటప్పుడు మెల్లగా ఆమ్లం పుడుతూనే ఉంటుంది. ఆ నెమ్మది పులుపే వేరుకు సరిపోతుంది.

రెండో మొండి సలహా: ఆకు పచ్చబడగానే ఎరువు వేయకండి. ముందు కింది ఆకు పచ్చబడిందా, పై ఆకా అన్నది చూడండి. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకులోంచి లాగి లేతాకుకు ఇస్తుంది, కాబట్టి కిందివి మొత్తంగా పాలిపోతాయి. ఇనుమును అలా లాగి ఇవ్వలేదు. అందుకే ఇనుము అందనప్పుడు చిగుళ్లే పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ముదురాకుల్లో ఈనెల మధ్య పాలిపోతే మెగ్నీషియం మీద అనుమానపడాలి. మట్టి తడి ముద్దలా ఉంటే వీటిలో ఏదీ కాదు, నీళ్లు ఎక్కువయ్యాయంతే. చిగురు పచ్చబడిన మొక్కకు వేరుశనగ చెక్క ఎంత నానబెట్టి పోసినా ఉపయోగం లేదు. నీళ్లు మార్చాలి.

ఉండటం వేరు, అందటం వేరు. దీనికి కోడూరు రాయి కంటే గొప్ప సాక్ష్యం నాకు తెలియదు. 1900ల తొలి ఏళ్లలో ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాతికి ఊరి పేరుతోనే కోడురైట్ అని పేరు పెట్టాడు. అందులో పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్, భాస్వరం ఉన్న అపటైట్, మాంగనీసు గార్నెట్ కలిసి ఉంటాయి. ఎరువుల దుకాణంలో సంచుల మీద రాసే పేర్లలో రెండు ఆ రాతిలోనే ఉన్నాయి. దాన్ని పొడి చేసి కుండీలో పోసినా ఈ యేటి మిరపకు చెప్పుకోదగ్గ లాభం ఉండదు. కోడిగుడ్డు పెంకులదీ ఇదే కథ. సున్నం ఇప్పటికే ఎక్కువైన బోరు నీళ్ల కుండీలో అవి తెల్లగా అలాగే పడి ఉంటాయి. పొయ్యి బూడిద మరీ చేటు, అది గట్టి క్షారం. అరటి తొక్కల నీళ్లు, టీ పిప్పి, కుడితి, అన్నీ తలా కాస్త పోసే అలవాటు మానండి. నాటేటప్పుడే మట్టిలో మూడో వంతు బాగా మాగిన గెత్తం గానీ వానపాముల ఎరువు గానీ కలపండి, కాపు మొదలయ్యాక గుప్పెడు వేపపిండి పైన చల్లి మట్టి కప్పండి. ఆ తర్వాత చేతులు కట్టుకోండి.

నీళ్ల విషయంలో మాత్రం చేతులు కట్టుకోవద్దు. ఆర్వో మిషను వదిలేసే నీళ్లలో ఉప్పులు చిక్కబడి ఉంటాయి, వాటితో నేల కడుక్కోండి. ఏసీ నుంచి కారే నీళ్లు దాదాపు ఉప్పులేని నీళ్లు, కుండీకి ఇవ్వండి. అన్నిటికన్నా వాన మేలు. వాన నీటిలో బైకార్బొనేట్ లేనట్టే లెక్క. నూరు చదరపు అడుగుల రేకు మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 90 లీటర్లకు పైగా పడతాయి. బోరు నీళ్లలో సగానికి సగం వాన నీళ్లు కలిపితే 400 ఉన్న క్షారత 200కు దిగుతుంది, ఏ నిమ్మకాయా చేయలేని పని. వానాకాలంలో ఇంట్లో ఉన్న కుండీల్ని బయట పెట్టి, అడుగు రంధ్రంలోంచి నీరు ధారగా కారేదాకా తడవనివ్వండి. ఏడాది పొడవునా పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. రేకు మీద తొలకరి దుమ్ము పోయేదాకా మొదటి వానను వదిలేసి, ఆ తర్వాతి నీళ్లను డ్రమ్ముల్లో పట్టుకోండి. డ్రమ్ము మూతి మీద పాత చీర గుడ్డ బిగించి కట్టాలి, లేకపోతే వారంలో దోమలు గుడ్లు పెట్టి లేస్తాయి.