పన్ను పాయె... చెత్త ఉండె!

2021 అక్టోబరు 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) మొదలైంది. పట్టణాల్లో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు, వాటి వెనకే చెత్త పన్ను! 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ఆ పన్ను రద్దన్నారు. గాంధీ తాతకు పుట్టినరోజు కానుకలు రెండూ అందాయి: ఒకరు వేశారు, ఇంకొకరు తీశారు. చెత్త మాత్రం పార్టీ మారలేదు.

ఇక అనంతపురం పల్లెలకు రండి. పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతానికి ముకుతాడు వేశారు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. చెత్త పన్ను వేసిన ప్రభుత్వ హయాంలో ఆర్థిక సంఘం సొమ్ము కాస్తా కరెంటు బకాయిలకు పోయిందని సర్పంచులు రోడ్డెక్కారు. చెత్త నుంచి కరెంటు తీయడం విన్నాం, చెత్త నిధుల నుంచి కరెంటు బిల్లు తీయడం ఇక్కడే కన్నాం!

ఊరి బయట ‘చెత్త నుంచి సంపద’ కేంద్రం. వానపాముల ఎరువు తయారవ్వాలంటే తొట్టెల్లో తడి ఆరకూడదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని సీమలో బిందె ముందు ఎవరికి? మనిషికా, వానపాముకా? షెడ్డుంది, బోర్డుంది, చెత్తా ఉంది. సంపద ఎప్పుడొస్తుందంటారా? వాతావరణ శాఖను అడగండి!