అడ్మిన్ మాస్టారు

ఈ మధ్య బడుల్లోనూ కాలేజీల్లోనూ ఒక కొత్త పదవి పుట్టింది. దానికి జీవో లేదు, ఇంక్రిమెంటు లేదు, సీనియారిటీ జాబితా అసలే లేదు. అయినా హెడ్‌మాస్టరు గారు సెలవు పెట్టిన రోజున బడి ఎలాగో నడిచిపోతుంది గానీ, ఈయన ఫోనులో ఛార్జింగు అయిపోయిన రోజున నడవదు. ఆయనే అడ్మిన్ మాస్టారు. బడిలో అయితే సాంఘిక శాస్త్రం చెబుతుంటారు, కాలేజీలో అయితే కామర్సు. కళ్ళజోడు నుదుటి మీద, ఫోను అరచేతిలో, పవర్ బ్యాంకు జేబులో ఉంటాయి. ఆయన పెట్టిన గ్రూపుల పేర్లు వరసగా చదివితే ఆ బడి చరిత్ర తెలిసిపోతుంది. మొదట ‘పదో తరగతి ఎ పేరెంట్స్’, తర్వాత ‘పదో తరగతి ఎ పేరెంట్స్ న్యూ’, ఆ తర్వాత ‘పదో తరగతి ఎ న్యూ, ఇదే ఫైనల్’. ఇవి కాక మండలం గ్రూపు, కాంప్లెక్సు గ్రూపు, సంఘం గ్రూపు, స్టాఫ్ గ్రూపు, హెడ్‌మాస్టరు లేని స్టాఫ్ గ్రూపు. ఈ చివరిది ఉన్నట్టు హెడ్‌మాస్టరుకూ తెలుసు. బడి మొత్తం మీద కబురు నిజంగా పరుగెత్తేది ఆ ఒక్క గ్రూపులోనే. అందులో అందరూ రాస్తారు, అందరూ చదువుతారు, ‘నోటెడ్ సార్’ అని ఎవరూ అనరు.

తల్లిదండ్రుల గ్రూపులో ఆయన శైలి వేరు. రాత్రి పది దాటాక పై అధికారి కార్యాలయం నుంచి దిగిన ఉత్తర్వు ఫోటో ఒకటి పడుతుంది. కాస్త వంకరగా, మూల మీద ఎవరిదో వేలు. దాని కింద ‘పై ఉత్తర్వును గమనించి తగు చర్య గైకొనవలసినదిగా కోరడమైనది, మోస్ట్ అర్జెంట్’ అని ఒక వాక్యం. ఉత్తర్వు ఇంగ్లీషులో రెండు పేజీలు. అందులో తల్లికి కావలసింది ఒక్క ముక్క: రేపు బడి ఉందా, లేదా? ఆ ముక్క రెండో పేజీ అడుగున నాలుగో అంశం కింద దాక్కుని ఉంటుంది. ఫోన్లు రాకముందు ఇదే పని సర్క్యులర్ పుస్తకం చేసేది. అటెండరు దాన్ని చంకన పెట్టుకుని తరగతి తరగతికీ తిరిగేవాడు. టీచరు చదివి వినిపించి సంతకం పెట్టేవారు. వెనక బెంచీ నుంచి ఒకడు “సెలవు రేపా, ఎల్లుండా సార్?” అని అరిచేవాడు. జవాబు అక్కడికక్కడే దొరికేది. ఆ పుస్తకంలో విద్యుత్తు లేదు గానీ, ఆ ప్రశ్నకు చోటు ఉండేది.

ఆయన్ని చూసి ఫోను పిచ్చి అని నవ్వేవాళ్ళున్నారు. సాంకేతికత తెలియక ఇలా చేస్తున్నారనీ, రెండు రోజులు శిక్షణ ఇస్తే చక్కబడుతుందనీ అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పే. అడ్మిన్ మాస్టారికి ఫోను గురించి తెలియనిది లేదు. ఆయన చేస్తున్న పని వేరు, మనం అనుకుంటున్న పని వేరు. ఆయన తల్లిదండ్రులతో మాట్లాడటం లేదు. తల్లిదండ్రులతో మాట్లాడినట్టు పైవాళ్ళకు రసీదు తయారు చేస్తున్నారు. సందేశం పంపిన మరుక్షణం దాన్ని స్క్రీన్ షాట్ తీసి మండలం గ్రూపులో పెట్టడం చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. సమావేశానికి ఎందరు వచ్చారు, ఏం అడిగారు అన్నది తర్వాతి మాట. అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం అంచున పడేలా తీసిన ఫోటోలో కుర్చీలు నిండి కనిపించాయా లేదా అన్నది ముందు మాట. ఇది ఆయన స్వభావ దోషం అనడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళ పాటు మధ్యాహ్న భోజనం దగ్గర నుంచి మరుగుదొడ్ల దాకా ఫోటోలు తీసి యాప్‌లోకి ఎక్కించే బాధ్యత టీచర్ల మీదే ఉండేది. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చినప్పుడు, దాన్ని సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగానే అడిగాయి. పొద్దున్నే తన ముఖం, మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం మరుగుదొడ్డి ఫోటో తీసి పైకి పంపిన మనిషికి ఫోను అంటే పైకి చూపించే వస్తువనే అలవాటు పడుతుంది. కింది నుంచి వినే వస్తువని ఎవరూ నేర్పలేదు, ఎవరూ లెక్క అడగలేదు.

ఆయనకు వాట్సాప్ చేసిన మహోపకారం ఒకటుంది. 2018లో అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా గ్రూపును బిగించే సదుపాయం ఇచ్చింది. 2022లో సభ్యుల పరిమితిని ముందు 512కు, తర్వాత 1024కు పెంచింది. అంటే వెయ్యి మందికి పైగా వినాలి, ఒక్కరే చెప్పాలి. ఊళ్ళో డప్పు చాటింపు వేసేవాడికి కూడా ఇంత అధికారం ఉండేది కాదు. నాలుగు వీధుల మొగలో నిలబడి చాటుతుంటే అరుగు మీది ముసలమ్మ “ఏందిరా, మళ్ళీ చెప్పు” అని ఆపేది, వాడు ఆగి చెప్పేవాడు. అసలు చోద్యం పాఠశాల యాజమాన్య కమిటీ గ్రూపులో చూడాలి. 2009 విద్యా హక్కు చట్టం ఆ కమిటీలో కనీసం మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, బడి పనితీరును వాళ్ళు పర్యవేక్షించాలంది. చట్టం వాళ్ళకు బడిని అప్పగించింది, మాస్టారి ఫోను సెట్టింగు వాళ్ళ నోరు కట్టేసింది. కమిటీ అధ్యక్షురాలు తన కమిటీ గ్రూపులో ఒక్క ముక్క రాయలేరు. అయినా సందేశం ఎవరెవరు చూశారో మాస్టారు వేలు నొక్కిపెట్టి చూసుకుంటారు, నీలం టిక్కులు లెక్కపెట్టుకుంటారు. ‘సమాచారం నూటికి నూరు శాతం చేరినది’ అని నివేదికలో రాస్తారు.

చేరిందా అన్నది చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 49 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 27 శాతానికి కాస్త తక్కువ. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, ఒప్పుకుందాం. కానీ ఇంట్లో ఒక స్మార్ట్ ఫోను ఉన్నచోట దాని అసలు యజమాని ఎవరో అందరికీ తెలుసు. పేరు నాన్నది, రీచార్జి అమ్మది, ఫోను పిల్లవాడిది. కాబట్టి ‘మీ అబ్బాయి మూడు రోజులుగా బడికి రావడం లేదు’ అన్న కబురు మొదట చదివేది ఆ అబ్బాయే. దొంగ చేతికే తాళాలిచ్చి, తాళాలు భద్రంగా చేరినట్టు నీలం టిక్కు తీసుకుంటున్నాం. ఆ అబ్బాయి దాన్ని చెరిపేస్తాడు, లేదా చదువురాని అమ్మకు తన పద్ధతిలో చదివి వినిపిస్తాడు. ఈ రెండో పని చేసేవాడికి పెద్దయ్యాక మంచి భవిష్యత్తు ఉంటుంది. కాలేజీలో ఇది ఇంకొక మెట్టు పైకి వెళుతుంది. గైరుహాజరు సందేశం ఠంచనుగా తండ్రికి వెళుతుంది, కానీ దరఖాస్తులో తండ్రి నంబరు అని రాసింది హాస్టల్లో పక్క మంచం మీదివాడి నంబరు. వాడు ‘ఓకే సార్, అడుగుతాను’ అని తండ్రిగా జవాబిస్తాడు. ఇక నిజంగా తల్లిదండ్రులకే చేరినప్పుడు వచ్చే జవాబు ఒక బొటనవేలు బొమ్మ. ఒకప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసిన చేయే ఇప్పుడు ఫోనులో వేలు పెడుతోంది. అప్పుడూ చదివి వేసింది కాదు, ఇప్పుడూ కాదు. అప్పట్లో దాన్ని చూసి జాలిపడేవాళ్ళం, ఇప్పుడు ‘రెస్పాన్స్ బాగుంది’ అంటున్నాం.

దీనికి మాస్టారి తరఫున చెప్పుకోదగ్గ మాటలు ఉన్నాయి. అన్నిటికన్నా బలమైనది: అసలు ఏమీ చేరని రోజుల కన్నా ఇది నయం కాదా? నయమే. పుస్తకాల సంచి అడుగున నలిగిపోయిన చీటీ కన్నా ఫోనులో పడ్డ అక్షరం ఎప్పుడూ మేలు. ఆదోని వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వెళ్ళిన తల్లికి, పాలమూరు నుంచి హైదరాబాద్‌లో కట్టడం పనికి వచ్చిన తండ్రికి, జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్ళినవాడికి బడితో మిగిలిన దారి ఆ ఫోనే. చదువురానివాళ్ళకు గొంతుతో చెప్పి పంపే సందేశం ఇంకా గొప్ప వరం. ‘అమ్మా, రేపు సెలవు, ఎల్లుండి తొమ్మిదింటికి పంపండి’ అని పది క్షణాలు తెలుగులో మాట్లాడితే పని అయిపోతుంది. చిత్రం ఏమిటంటే, ఇన్ని తెలిసిన అడ్మిన్ మాస్టారు గొంతు మాత్రం ఎప్పుడూ పంపరు. గొంతును ప్రింటు తీసి ఫైలులో పెట్టలేరు మరి. వలస తల్లుల పేరు చెప్పి గ్రూపును సమర్థించేవాళ్ళు ఒక సంగతి ఆలోచించాలి. “సారూ, మా పిలగాడు మంచిగ సదువుతుండా?” అన్న ఆ తల్లి ప్రశ్న ఇప్పటి గ్రూపులోకి వచ్చే దారి ఏది?

గ్రూపు తెరిస్తే రభస అవుతుందనేది రెండో మాట. అదీ నిజమే. ఒక్క ఆదివారం తాళం తీసి చూస్తే చాలు. శుభోదయం గులాబీలు, కిడ్నీలో రాళ్ళకు ఆకు పసరు, పార్టీ పాటలు, ప్లాట్ల ప్రకటన, చివరికి ఇద్దరు తండ్రుల మధ్య కుల ప్రస్తావన. ఈ భయంలో న్యాయముంది కాబట్టే గ్రూపు తెరవమని నేను అనను. బడికి కావలసింది పెద్ద సభ కాదు, విడివిడిగా అడిగితే విడివిడిగా పలికే చోటు. ప్రభుత్వం ఈ సంగతి మాస్టారి కన్నా ముందే గ్రహించినట్టుంది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ పేరుతో మొదలైన వాట్సాప్ సేవల్లో ఆ ఏడాది ఇంటర్ ఫలితాలు కూడా వచ్చాయి. హాల్ టికెట్ నంబరు ఇచ్చి అడిగినవారికి వారి ఫలితమే వచ్చింది, ఊరందరిదీ రాలేదు. మన మాస్టారు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. యూనిట్ టెస్టు మార్కుల జాబితా మొత్తం, పేర్లతో సహా, సున్నాల కింద ఎర్ర గీతతో సహా, తరగతి గ్రూపులో పెడతారు. పత్రికల్లో పదో తరగతి ఫలితాలు ఉత్త నంబర్లుగా అచ్చయిన కాలంలో తప్పిన పిల్లవాడికి పక్కింటి పిన్నిగారి నుంచి ఒక పూట అయినా రక్షణ ఉండేది. ఇప్పుడు పిన్నిగారికి పిల్లవాడి కన్నా ముందే తెలుస్తోంది. పారదర్శకత అంటారు మాస్టారు. స్టాఫ్ తనిఖీ నివేదికలు మాత్రం ఆ గ్రూపులో పెట్టరు.

మూడోది సమయం. అరవై మంది పిల్లలకు విడివిడిగా కబురు పంపుతూ కూర్చుంటే పాఠం ఎవరు చెబుతారు? ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే టీచరు రోజులో యాప్‌లు ఇప్పటికే పెద్ద ముక్క కొరికేశాయి. కానీ విడిగా పంపే ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో పరీక్షించి చూసినవాళ్ళున్నారు. అమెరికాలోని బోస్టన్‌లో, తప్పిన సబ్జెక్టులు వేసవిలో మళ్ళీ చదివే హైస్కూలు పిల్లల మీద మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. టీచర్లు రాసిన ఒక్కటంటే ఒక్క వాక్యం, ఆ పిల్లవాడి గురించి మాత్రమే, వారానికోసారి ఇంటికి వెళ్ళింది. కోర్సు పూర్తి చేయలేకపోయినవారి శాతం అలా కబురు వెళ్ళని పిల్లలతో పోలిస్తే 41 శాతం తగ్గింది. ఉత్త మెచ్చుకోళ్ళ కన్నా ‘ఇది సరిచేసుకోవాలి’ అన్న వాక్యమే ఎక్కువ పని చేసింది. 2020లో కరోనాతో బడులు మూసిన బోట్స్‌వానాలో వారానికోసారి లెక్కలు సందేశంగా పంపినా పెద్దగా తేడా రాలేదు, దానికి తోడు ఫోను చేసి మాట్లాడిన ఇళ్ళలో పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. బోస్టన్ వేరు, బోధన్ వేరు అనవచ్చు. వేరే. అయితే అరవై మందికి వారానికో వాక్యం అంటే, బడి నడిచే ఆరు రోజుల్లో రోజుకు పది వాక్యాలు. అడ్మిన్ మాస్టారు మండలం గ్రూపులో రోజూ రాసే ‘సబ్మిటెడ్ సార్’ల కన్నా అది ఎక్కువేమీ కాదు. ఆ ‘సబ్మిటెడ్’లు తగ్గించడం ఆయన చేతిలో లేదన్నది మాత్రం నిజం. అది అడిగేవాళ్ళ చేతిలో ఉంది, కాబట్టి సంస్కరణ అంటూ ఏదైనా ఉంటే మొదలు కావలసింది మండలం గ్రూపులో.

ఇంకొక చిక్కు ఆయన బదిలీ అయినప్పుడు బయటపడుతుంది. ఛార్జి అప్పగింతలో తాళం చెవులు, స్టాకు రిజిస్టరు, క్యాష్ బుక్కు, విరిగిన గ్లోబు అన్నీ లెక్క ప్రకారం చేతులు మారతాయి. తల్లిదండ్రుల నంబర్లు మాత్రం ఆయన సొంత సిమ్ముతో పాటు కొత్త ఊరికి వెళ్ళిపోతాయి. వచ్చిన మాస్టారు ‘న్యూ’ అని ఇంకొక గ్రూపు పెడతారు. నాలుగేళ్ళ కిందట పదో తరగతి పాసై ఇప్పుడు పాలిటెక్నిక్ కూడా ముగించిన కుర్రాడి తండ్రికి ‘మీ పిల్లవాడికి రేపు నులిపురుగుల మాత్ర వేయబడును’ అని పాత గ్రూపులో కబురు వస్తూనే ఉంటుంది. ఆయన పాపం బొటనవేలు పెడతాడు. బడి పేరు మీద ఒక సిమ్ము, ఒక మామూలు ఫోను, సాయంత్రం ఒక గంట దాని దగ్గర వంతుల వారీగా కూర్చుని ఎత్తే ఒక టీచరు ఉంటే ఈ కథలో సగం పోతుంది. ఆ గంట పనివేళల్లో లెక్క కట్టాలి, దానికి బదులు ఒక యాప్ అయినా తీసేయాలి. ఖర్చంటారా, తల్లిదండ్రుల సమావేశానికి కట్టే ఒక మోస్తరు ఫ్లెక్సీ డబ్బుతో నెల గడుస్తుంది. ఈ ప్రతిపాదన అడ్మిన్ మాస్టారి ముందు పెడితే ఆయనకు నచ్చదని కాదు, ఆయన మంచివారే. ఆయన సందేహం ఒక్కటే: ఫోనులో మాట్లాడినట్టు రుజువు ఏమిటి? మాట్లాడుతుండగా ఫోటో తీయించుకోవచ్చు గానీ, దానికి ఇంకొక మాస్టారిని అక్కడ కూర్చోబెట్టాలి.