నేను గోడ క్యాలెండర్ని

తిథి, వర్జ్యం, రాహుకాలం చూసుకోవడానికని నన్ను అచ్చేశారు గానీ, మేకుకు వేలాడే నాకు ముహూర్తాలకన్నా ఇంటి లెక్కలతోనే పని ఎక్కువ. గ్యాస్ బండ మార్చిన తేదీ చుట్టూ సున్నా, పాలు రాని రోజు గడిలో ‘నాగా’. జనవరి రాగానే వీటి పక్కన ఇంకో రకం గుర్తులు చేరతాయి: నడిచిన రోజుకో టిక్కు, చదివిన రోజుకో టిక్కు. అవి వరసగా సాగి, సంక్రాంతి అరిసెల దగ్గర ఒకరోజు తప్పి, ఆపైన కనిపించవు. ఫిబ్రవరి పేజీలో పాల నాగాలే మిగులుతాయి. ఆ ఒక్క రోజే కొంప ముంచిందంటారు జనం. నాకు నమ్మకం లేదు.

21 రోజులు విడవకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న ప్రచారం ఈ బెంగకు కొంత కారణం. దాని పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960 నాటి పుస్తకంలో, ఆపరేషన్ అయినవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నాడు. జనం నోళ్లలో పడి ‘కనీసం’ రాలిపోయింది, ముఖం స్థానంలోకి నడకా వ్యాయామమూ వచ్చాయి. తర్వాత యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించింది. మధ్యాహ్న భోజనంతో ఒక సీసా నీళ్లు తాగడం లాంటి పనొకటి ఎంచుకుని, రోజూ అదే సందర్భంలో చెయ్యమంది. అది ఆలోచన లేకుండా జరిగిపోయే దశకు రావడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని అంచనా కట్టారు, మధ్యస్థం 66. నడుమ ఒకసారి తప్పినా చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా తేలింది.

తప్పినా ఫర్వాలేదంటే బద్ధకానికి లైసెన్సు ఇచ్చినట్టే కదా అనొచ్చు. పాల లెక్క చూడండి. నాగా పడితే నెలాఖరున ఆ రోజు డబ్బులు కోసుకుంటారు, అంతేగాని పాలు మానెయ్యరు. అయితే నాగాను రాసి తీరతారు. టిక్కుల దగ్గరికొచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది: చేసిన రోజు దర్జాగా గుర్తు పెడతారు, తప్పిన రోజు నా వంక చూడరు. బద్ధకం మొదలయ్యేది అక్కడ. పైగా పాలకు ఒక వేళంటూ ఉంది. ‘వీలైనప్పుడు నడుస్తా’ అన్నదానికి లేదు. మరి గడులు నిండితే మనిషి ఎదిగినట్టేనా అంటారా? కాదు. నడిచారని చెప్పగలను, షుగరు తగ్గిందో లేదో రక్తపరీక్షే చెప్పాలి. చదివింది ఎంత వంటబట్టిందో నాకేం తెలుసు?

సంక్రాంతికి ఆగిపోయినవాళ్లు ఉగాది దాకా కాచుకోనక్కర్లేదు. ముందు వేళ ఖాయం చేసుకోండి. తప్పిన రోజు గడిలో ‘నాగా’ అని రాసి, మర్నాడు అదే వేళకు లేవండి.