అయిదేళ్ల వేరు కాపురం

అప్పుల్లో కూరుకుపోయిన కొడుకుతో ఇంటి పెద్ద అన్నాడట: "నిన్ను వెళ్లగొట్టడం లేదు నాయనా! ఓ అయిదేళ్లు వేరు కాపురం పెట్టుకో. నీ బాకీ సంగతి గడప దాటాక మాట్లాడుకుందాం."

2015 జులైలో గ్రీసుకు జర్మనీ ఆర్థిక మంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయిబ్లె శాఖ రాసిన మందుచీటీ ఇదే. 5,000 కోట్ల యూరోల ప్రభుత్వ ఆస్తులను బయటి నిధికి అప్పగించాలి, లేదంటే కనీసం అయిదేళ్లు యూరోకు "విరామం" ఇవ్వాలి. యూరో ఒప్పందాల్లో బయటికి పోయే దారే లేదు. దారి లేని ఇంటికి సెలవుచీటీ ఒకటి!

ఈ విరామం ఎంత హాయో లెక్క చూద్దాం. 2001లో గ్రీసు యూరోలో చేరినప్పుడు దాని పాత కరెన్సీలో 340.75 ద్రాక్మాలకు ఒక యూరో. యూరో వదిలాక వచ్చే కొత్త ద్రాక్మా విలువ సగానికి పడిందనుకోండి, యూరోల్లో ఉన్న బాకీకి రెట్టింపు ద్రాక్మాలు పోయాలి. అప్పు 2015 నాటికే దేశ వార్షికోత్పత్తికి ఒకటిన్నర రెట్లు దాటింది. కరెన్సీ చౌకైతే పర్యాటకులు ఎగబడతారని నిపుణులు ఊరించారు. దిగుమతి చేసుకునే చమురు, మందులు మాత్రం ఆ మేరకు ప్రియమవుతాయి.

విరామం రుచి జనానికి ముందే తెలిసింది. జూన్ 29న బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. ఇరవై నోట్లు అయిపోయిన చోట యాభైతోనే సరి. కార్డు లేని పింఛనుదారులు వారానికి 120 యూరోల కోసం బ్యాంకు గుమ్మం ముందు నిలబడ్డారు.

గ్రీసు ప్రధాని సిప్రాస్ కూడా తక్కువ తినలేదు. జులై 5న ప్రజాభిప్రాయం అడిగితే 61 శాతం మంది రుణదాతల షరతులకు "వద్దు" అన్నారు. ఎనిమిది రోజులు తిరక్కుండానే అంతకంటే కఠినమైన షరతులకు ఆయన తలూపి వచ్చారు.

అన్నట్టు, 1953లో లండన్‌లో జర్మనీ పాత అప్పులో దాదాపు సగం మాఫీ అయింది. అప్పుడు వేరు కాపురం మాట ఎవరూ ఎత్తలేదు. మాఫీ చేస్తూ సంతకం పెట్టిన దేశాల్లో గ్రీసూ ఉంది.

సరే, పోనీ మూట సర్దుకుందామనుకున్నా, అవ్వల ట్రంకుపెట్టెల్లో మిగిలిన పాత ద్రాక్మా నోట్లను మార్చి ఇవ్వడం గ్రీసు కేంద్ర బ్యాంకు 2012 మార్చి 1తోనే మానేసింది.