మంచంకోళ్ల లెక్క

మా మేనల్లుడు బెంగళూరులో పగలంతా ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు, రాత్రిళ్లు లోకకల్యాణం కోసం రాస్తాడు. ఆ రాత్రి ఖాతాలో పుట్టిందే ఒక రేడియో యాడ్‌ఆన్. టీవీకి తగిలించే మీడియా ప్లేయర్‌లోకి దాన్ని ఎక్కిస్తే దేశదేశాల రేడియోలు హాల్లో కూర్చుని పాడతాయట. సంక్రాంతికి గుంటూరు వచ్చినవాడు ఒక చేత్తో అరిసె తింటూ, రెండో చేత్తో ఆ డబ్బాని మా టీవీ వెనక బిగించి, "యూజర్ టెస్టింగ్‌కి మీరే కావాలి మామయ్యా" అన్నాడు.

నాకూ దాంతో పని ఉంది. అమ్మకి 84 ఏళ్లు. వినికిడి తగ్గింది. వంటింటి ట్రాన్సిస్టర్‌లో పొద్దున 6:45కి వచ్చే ప్రాంతీయ వార్తలు ఆవిడకి గుసగుసల్లా వినపడుతున్నాయి. విజయవాడ కేంద్రం టీవీ స్పీకర్లలో మోగితే చాలు. నా కోరికల చిట్టా ఇంతే, ఒకే పద్దు.

"మేం పరీక్షించేది మిమ్మల్ని కాదు, సాఫ్ట్‌వేర్‌ని. మీరు తప్పు చేయడమంటూ ఉండదు" అని ముందుగా నాకు ధైర్యం చెప్పాడు. ఈ విద్యలో ఇది గణపతి ప్రార్థన లాంటిదట. ప్రార్థన ముగిసిన మూడో నిమిషానికి, "అబ్బ, అది కాదు మామయ్యా, తప్పు నొక్కారు" అన్నాడు.

యాడ్‌ఆన్ జిప్ ఫైలుగా వచ్చింది. గుర్తు తెలియని చోటి సరుకు లోపలికి రానిస్తే మీ సమాచారానికి పూచీ లేదని డబ్బా హెచ్చరించింది. "అది అలాగే అంటుంది, ఒప్పేసుకోండి" అన్నాడు వాడు. నా చేతుల్లో పెరిగిన పిల్లాడు నా టీవీ దృష్టిలో గుర్తు తెలియని వ్యక్తి. నేను పూచీపడ్డాను.

తర్వాత వెతుకులాట. తెరమీద ఇంగ్లిషు అక్షరాల పలక వచ్చింది. రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికి నడిచి వెళ్లి నొక్కాలి. విజయవాడ అని రాయడానికి పది అక్షరాలు, దాదాపు 50 నొక్కుళ్లు. అంత యాత్రా చేశాక 'ఫలితాలు లేవు' అంది. ఎవరో పుణ్యాత్ముడు ఆ కేంద్రాన్ని 'విజయ్‌వాడ' అని నమోదు చేశాడట. మన ఊరు మనకి దొరకాలంటే ముందు హిందీ యాసలో పలకాలి. అదీ చేశాం. పేరు దొరికింది, బొమ్మ వచ్చింది, దాని మధ్యలో ఒక గుండ్రం తిరగడం మొదలెట్టింది. టీ తాగి వచ్చి చూశాను, తిరుగుతూనే ఉంది.

"పాడుతుందా నాయనా?" అంది అమ్మ.

"బఫర్ అవుతోంది అమ్మమ్మా" అన్నాడు మేనల్లుడు.

ఇక్కడ ఒక్క లెక్క. సెకనుకి 128 కిలోబిట్ల చొప్పున వచ్చే పాట గంటసేపు విన్నా 57.6 మెగాబైట్లే. సినిమాలకి సినిమాలు ధారగా దిగే ఇంటి ఇంటర్నెట్‌కి అదొక ఉగ్గుగిన్నె. కాబట్టి సాధారణంగా లోపం గొట్టంలో ఉండదు, చిరునామాలో ఉంటుంది. ఎంత్రీయూ అనీ, పీఎల్‌ఎస్ అనీ వీళ్లు గంభీరంగా పిలిచే ఫైళ్లు విప్పి చూస్తే ఏముంటుంది? స్ట్రీమ్ ఉండే చిరునామా, చీటీమీద రాసిపెట్టినట్టు. స్టేషన్‌వాళ్లు ఇల్లు మారితే చీటీ చిత్తుకాగితం. బీబీసీ అంతటిది 2023లో తన పాత ఎంపీత్రీ స్ట్రీములు మూసేస్తే, వాటినే నమ్ముకున్న ఇంటర్నెట్ రేడియో సెట్లు నోరుపడిపోయి కూర్చున్నాయి. అంటే రోజూ పొద్దున్నే పరీక్షించాల్సింది ఈ చీటీలని. వీళ్లు పరీక్షించేది గుండ్రం ఏ రంగులో తిరగాలన్న సంగతి.

నమ్మకపోతే వాడు పంపిన ఫారం చూడండి. మొత్తం 22 ప్రశ్నలు. ముదురు నీలం నేపథ్యం మీకు ఏ అనుభూతినిచ్చింది? గుండుబొమ్మల్లో మీ మొహానికి సరిపోయేది ఎంచుకోండి. ఈ యాడ్‌ఆన్‌ని మీ స్నేహితులకి సిఫారసు చేసే అవకాశం పదికి ఎంత? మొదటి స్టేషన్ ఎంచుకున్నప్పటి మీ ప్రయాణాన్ని మూడు మాటల్లో వర్ణించండి. ఒకటికి రెండుసార్లు వెతికాను. 'రేడియో పాడిందా?' అన్న ప్రశ్న లేదు. పెళ్లి పందిట్లో పూలెలా ఉన్నాయి, సన్నాయి ఎలా ఉంది అని అడిగి, పెళ్లికొడుకు వచ్చాడా అని అడగనట్టుంది.

మూడు మాటల్లో వర్ణించమన్నచోట 'పాడలేదు, పాడలేదు, పాడలేదు' అని రాశాను. అభిప్రాయం పంపినందుకు కృతజ్ఞతలని వెంటనే జవాబొచ్చింది. అది మాత్రం బఫర్ కాలేదు.

బెంగళూరు వెళ్లాక ఫోన్లో, "నా దగ్గర బాగానే పనిచేస్తోంది మామయ్యా" అన్నాడు. మరి అమ్మమ్మని అక్కడికే తెచ్చి దింపనా అన్నాను. నవ్వి, డీబగ్ లాగ్ ఆన్ చేసి పంపమన్నాడు. అది వేల వరసల పురాణం. డబ్బా నిద్రలేచింది మొదలు తన మనసులో మెదిలిన ప్రతి సంకల్పమూ అందులో ఉంది, పాట తప్ప. పంపాను. మర్నాడు తీర్పొచ్చింది: "ఇది తెలిసిన సమస్యే." ఆ గొంతులో ఎంత నిశ్చింతో! సమస్య తెలియడమే దాని పరిష్కారమనుకునే వేదాంతం ఇన్నాళ్లూ మున్సిపాలిటీలకే సొంతమనుకున్నాను. గుంట తవ్వి ఎర్రగుడ్డ కట్టిపోతే అదీ తెలిసిన సమస్యే కదా.

శాస్త్రం ఇలా చెయ్యమందా అని నేనూ చదివాను. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాశాడు: ఐదుగురి చేత వాడించి చూస్తే వాడకంలోని చిక్కుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని. మావాడి కులమంతా ఆ 'ఐదు' అన్న మాటని మంత్రంలా పట్టుకుంది. ఆయనే ఆ పక్కన చెప్పినవి వదిలేసింది: ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ ఐదుగురితో చూడమన్నాడు. వాడేవాళ్లలో రకాలుంటే ఒక్కో రకాన్నీ విడిగా పిలవమన్నాడు. వాడుతున్నవాడు తన ఆలోచనల్ని పైకి చెబుతూ ఉండాలి, తయారుచేసినవాడు నోరు మూసుకుని చూడాలి. మా ఇంట్లో జరిగిన పరీక్షలో మాట్లాడినవాడు ఒక్కడే, వాడు మేం కాదు.

పోనీ, ఆ ఐదుగురైనా ఎవరు? నేను ఒకణ్ణి. వాడి గదిలో ఉండే స్నేహితులు ఇద్దరు. వాళ్లిద్దరూ ఆ కోడ్ రాయడంలో సాయపడ్డవాళ్లే, వంట చేసినవాడే రుచి చూసి బాగుందన్నట్టు. నాలుగో మనిషి మా ఆవిడ. "నాకెందుకు, నా ట్రాన్సిస్టర్ నాకుంది" అని రిమోట్ ముట్టుకోలేదు. ఐదో మనిషి అమ్మ. ఆవిడ అభిప్రాయం ఒకే ప్రశ్న, ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు. పంచపాండవులెందరంటే మంచంకోళ్లలా ముగ్గురని రెండు వేళ్లు చూపించి ఒకటి రాసి సున్నా చుట్టినట్టు, 'ఐదుగురు వాడుకదారులతో పరీక్షించడమైనది' అని బీటా మీద ముద్ర పడింది.

అబద్ధమెందుకు, మూడో బీటా పాడింది. హాలు నిండా పాడింది. అయితే 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రం మా ఇంట్లో రెండు కాలాల్లో పలికింది. స్ట్రీమ్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలు పోగయ్యాక గానీ వినిపించరట. వంటింట్లో వార్త ముగిసిన అర నిమిషానికి అదే వార్త హాల్లో మొదలయ్యేది. మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి, "కోస్తాలో వానలట అత్తయ్యా" అని వెళ్లిపోయేది. ఆ తర్వాత చదివేవాళ్లు తీరిగ్గా కోస్తాలో వానలనేవారు. మూడు రోజుల్లో మా అమ్మ కోడలి మాటని కాలజ్ఞానంలా వినడం మొదలెట్టింది. ఈ సంగతి రాస్తే మేనల్లుడు, "అది బగ్ కాదు మామయ్యా, టెక్నాలజీ" అన్నాడు.

నాలుగో రోజు అప్‌డేట్ దానంతటదే దిగింది. యాడ్‌ఆన్ తెరుచుకోవడం మానేసింది.

ఇందులో వాడొక్కణ్ణే అనను. ఈ లోకంలో అదే రివాజు. 2002లో ఆటలపెట్టెలో పుట్టి, 2014లో కోడీ అని పేరు మార్చుకున్న ప్రసిద్ధ ప్లేయరే 2021లో 19వ వర్షన్‌తో పైథాన్ 2 నుంచి 3కి మారింది. అంతకుముందే పైథాన్ 2కి ఆయుర్దాయం తీరిపోయింది కాబట్టి మారక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ తిరగరాయని పాత యాడ్‌ఆన్లు దాంతో మూలపడ్డాయి. వాటినీ ఒకప్పుడు ఎవరో మామయ్యలు ఓపిగ్గా పరీక్షించి, గుండుబొమ్మలు ఎంచి, లాగులు పంపినవాళ్లే.

నిన్న ఫోన్ చేసి రెండో విడతకి కొత్త ఐదుగురు కావాలన్నాడు. నేను పాతబడ్డానట, నాకు అలవాటైపోయిందట. ఆసక్తి ఉన్నవారు పొద్దున ఆరున్నరకల్లా మా ఇంటికి రావచ్చు. కాఫీ మాది, రిమోట్‌కి సెల్స్ మాత్రం మీరే తెచ్చుకోవాలి. నా దగ్గరున్న రెండూ ట్రాన్సిస్టర్‌లో వేసి, దాన్ని అమ్మ చెవి దగ్గర పెట్టాను.