ఏసీలో పిండి, మిద్దె మీద మామ

ఇంట్లో ఓవెన్ కొన్న మగవాణ్ణి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. చొక్కా మీద మైదా ఉంటుంది, దాన్ని దులుపుకోడు. "ఏమప్పా ఆ తెలుపు?" అని మనం అడిగేదాకా మన ముందే తచ్చాడుతుంటాడు. అడిగినామా, ఇక ఆ పొద్దు మనది కాదు.

అనంతపురంలో ఈ జాతి 2020 తర్వాత బాగా వృద్ధి చెందింది. లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి పోయినారు. కొందరు వారానికి రెండ్రోజులు పోయొస్తారు. కొందరు రేపు పోతాం, మాపు పోతాం అంటూ ఉండిపోయినారు. ఈ మూడో రకంలో మా బామ్మర్ది ఒకడు. పేరు చెప్పను. చెప్పినా మీకు పనికిరాదు. మీ వీధిలో ఉన్నవాడి పేరు వేరే ఉంటుంది, మనిషి మాత్రం వీడే.

మొదట వీడు మిద్దె మీద పుదీన పెంచినాడు. తర్వాత గిటార్. ఆ తర్వాత ఓవెన్. దాంట్లో చేసిన కేకు మొదటిసారే కుదిరింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఈ రకం మనుషులకు కుదిరిన వంట మీద మర్యాద ఉండదు. అందరూ బాగుందన్న మరుసటి రోజు నుంచీ వాడు కేకు మాటే ఎత్తలేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊర్లో, వేడి తగిలితే చెడిపోయే వంట ఏదుందా అని వెతికి మరీ బాదం క్రువాసాన్‌ను పట్టుకున్నాడు.

పేరు దగ్గరే గొడవ. బేకరీ బోర్డుల మీద క్రొయిసెంట్ అని ఉంటుంది. నేనూ అట్లే అన్నాను. "టి పలకదు బావా. చివర ముక్కుతో అనాల" అని ముక్కు పట్టుకుని చూపించినాడు. మా అత్త పాపం ముక్కుతో అనబోయి తుమ్మింది. ఆమెకు వినిపించింది కోసంబరి. "దానికి ఓవెన్ యాలరా? పెసరపప్పు నానబెట్టి, కీరకాయ తరిగేస్తే సరిపాయె" అనింది. ఆ ఇంట్లో ఈ పొద్దుకీ దాని పేరు కోసంబరే.

దాని కథ కూడా చెప్పకుండా వదలడు. వియన్నాలో కిప్‌ఫెర్ల్ అని నెలవంక ఆకారంలో ఒక రొట్టె ఉండేదట. ఆస్ట్రియా సైన్యంలో పనిచేసిన ఆగస్ట్ జాంగ్ అనే ఆయన 1838-39 ప్రాంతంలో పారిస్‌లో బేకరీ పెట్టి దాన్ని ఫ్రెంచివాళ్ళకు మప్పినాడు. పొరలు పొరలుగా వెన్న మడిచే పద్ధతి ఫ్రెంచివాళ్ళు తర్వాత కలుపుకున్నారు. ఆ జాంగ్ కొన్నేళ్ళకే బేకరీ వదిలేసి వియన్నాకు తిరిగిపోయి, 1848లో పత్రిక పెట్టుకున్నాడు. ఈ చివరి ముక్క మా వాడు చెప్పడు. నేను వెతికి పట్టుకున్నా. ఆ రొట్టెను పారిస్‌కు తెచ్చినాయనే మానుకుని వేరే బతుకుతెరువు చూసుకున్నాడురా అంటే, వినపడనట్టు పోయి పిండి చూసొచ్చినాడు.

ఇక సరంజామా. గ్రాము తేడా పట్టే కాటా, పొడవు కొలిచే స్టీలు స్కేలు, వెన్నలో గుచ్చే థర్మామీటరు. వాడికి జ్వరమొచ్చినప్పుడు చూసుకునేదానికి మాత్రం ఇంట్లో థర్మామీటరు లేదు. లెక్కలు గోడకు అంటించినాడు: మైదా 500 గ్రాములు, పాలు 280, లోపల మడిచే వెన్న 250. మా మామ కళ్ళద్దాలు పెట్టుకుని అదంతా చదివి, "ఇదేంది, 56 శాతం?" అన్నాడు.

"పిండికి పోసే తడి శాతం నాయనా. కొంచెం ఎక్కువైనా కష్టం, తక్కువైనా కష్టం."

మా మామకు రాప్తాడు పక్క మూడెకరాల మెట్ట ఉంది. నలభై ఏళ్ళుగా బుడ్డలు వేస్తున్నాడు. నైరుతి పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోయి, ఈశాన్యం తీరం దాటేసరికి అలిసిపోయి, ఈ పీఠభూమికి ఏడాదికి మిగిలేది 550 మిల్లీమీటర్ల వాన. ఆయన గోడ వైపు ఇంకోసారి చూసి, "నువ్వు అదృష్టవంతుడివిరా. నీ తడి నీ చేతిలోనే ఉండాది" అని బయటికి పోయినాడు.

ఆ వెన్న కోసం టౌనంతా తిరిగినాం. ఉప్పు లేని వెన్న కావాలంటే ఒక షాపులో, "బీపీనా సార్?" అని అడిగినారు. చివరికి బెంగళూరు నుంచి వచ్చే కజిన్ చేత ఐసు పెట్టెలో తెప్పించినాడు. కిలో వెన్న 200 కిలోమీటర్ల పైన ఏసీ కారులో వచ్చింది. మా అత్త ఆ ముద్దను రెండు చేతుల్లోకి తీసుకుని, "కరగబెట్టుంటే నెలంతా నెయ్యి" అని నిట్టూర్చింది. అమ్మవార్ల ముందు కూడా ఆమె అంత ఆర్తిగా నిలబడగా నేను చూడలేదు.

క్రువాసాన్ కిటుకంతా ఆ వెన్నలోనే ఉంది. పిండి మధ్యలో వెన్న పలక పెట్టి, ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేయాలి. మళ్ళీ ఒత్తి మళ్ళీ మడవాలి. మూడుసార్లు మడిస్తే 27 వెన్న పొరలు. ఓవెన్ వేడికి ఆ వెన్నలోని నీళ్ళు ఆవిరై పొరను పొర నుంచి లేపుతాయి. అందుకే వెన్న 14, 15 డిగ్రీల దగ్గర ఉండాలి. గట్టిగా ఉంటే లోపలే పెంకుల్లాగ పగులుతుంది. మెత్తగా ఉంటే పిండిలో కలిసిపోయి, పొరల రొట్టె కావలసింది మామూలు బన్ను అవుతుంది. 32 దాటితే ఇక అది నెయ్యి కిందే లెక్క. మా వంటింట్లో ఏప్రిల్ మధ్యాహ్నం 36. ఫ్రాన్సు వంటవాళ్ళు పాలరాతి బల్ల మీద చేస్తారని, చల్లగా ఉంటుందని, మేం తాడిపత్రి బండ మీద చేసినాం. బండ మంచిదే. కానీ అది కూడా ఈ ఊరి ఎండకే పుట్టింది కదా.

ఇంట్లో ఏసీ ఒకటే. అది మా అత్తామామల పడకగదిలో ఉంది. ఇక అర్థమైపోయి ఉంటుంది. ఏసీని 16లో పెడితే గది కిందామీదా పడి 22కు దిగింది. మంచం మీద పరుపు తీసేసి పలక వేసినాడు. పలక మీద పిండి, పిండి మీద తడిగుడ్డ. తలుపు మీద కాగితం: "తెరవొద్దు, చల్లదనం పోతుంది." మా మామ నులకమంచం, దోమతెర మోసుకుని మిద్దె ఎక్కినాడు. పక్క మిద్దె మీద పడుకున్నవాళ్ళు, "ఏం మామా, ఏసీ పాడైందా?" అని అడిగితే, "లేదప్పా, లోపల పిండి పండుకోనుండాది" అన్నాడు.

ఫ్రిజ్ సంగతి చెప్పనక్కరలేదు. దోసె పిండి పోయింది, పెరుగు గిన్నె పోయింది, ఊరిమిండి సీసా నా చేతికొచ్చింది. "మీ ఇంట్లో పెట్టుకో బావా, దాని వాసన వెన్నకు పడుతుంది" అన్నాడు. ఆ సీసా వరకు నాకు ఈ వ్యవహారంలో లాభమే జరిగింది.

పగలు కుదరకపోయేసరికి ముహూర్తం తెల్లవారుజామున మూడుకు మార్చినాడు. చల్లటి వెన్నను కర్రతో కొట్టి చదును చేయాలి, అప్పుడే కరగకుండా వంగుతుంది. ఆ కొట్టుడుకు మొదటి రోజే ఎదురింటాయన టార్చి, దుడ్డుకర్ర పట్టుకుని వచ్చినాడు.

"దొంగలా నాయనా?"

"కాదు సార్, లామినేషన్."

ఆయన కాసేపు ఆలోచించినాడు. "ఈ టైములోనా? ఎంత తీసుకుంటావు? మా ఆధార్ కార్డులు నాలుగున్నాయి, చేయించాల."

నాలుగు ఆదివారాలు పొయ్యాక, నేనే వాణ్ణి బలవంతంగా టవర్ క్లాక్ దగ్గర ఒక బేకరీ మాస్టరు దగ్గరికి తీసుకుపోయినా. ఆయన ఎండాకాలమూ వానాకాలమూ లేకుండా రోజూ ట్రేలకు ట్రేలు పప్స్ తీస్తాడు. పప్స్‌కూ ఇదే మడతల విద్య, ఈస్టు ఒక్కటే తేడా. మాస్టరు అంతా విని, "వెన్న యాల సార్ ఈ ఊర్లో? పేస్ట్రీ మార్జరిన్ వాడండి. 40కి కూడా లొంగదు" అన్నాడు. మా వాడి మొహం, గుళ్ళో చెప్పులతో తిరిగేవాణ్ణి చూసినట్టు అయిపోయింది. బయటికొచ్చి నాలుగు అడుగులు మాట్లాడలేదు. తర్వాత వాడే ఒప్పుకున్నాడు: ఫ్రాన్సులో కూడా మార్జరిన్‌తో చేసేవి ఉన్నాయట. వెన్నతో చేసినవి నిటారుగా, మార్జరిన్‌వి నెలవంకలా వంచిపెట్టడం అక్కడ ఒక ఆనవాయితీ. అంటే క్రువాసాన్ అనే పేరుకు తగ్గట్టు వంకర తిరిగి ఉండేది మాస్టరు గారి రకమే. ఈ మాట నేను అన్నాను. అందుకు రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఐదో ఆదివారం ఒక చిత్రం జరిగింది. థర్మామీటరు బ్యాటరీ అయిపోయింది. వాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మిద్దె మీద నుంచి నీళ్ళకని దిగిన మా మామ, ఏమైందని అడిగి, వెన్నను బొటనవేలితో ఒకసారి అదిమి చూసినాడు. వేలి గుర్తు పడింది, వేలికి మాత్రం ఏమీ అంటలేదు. "ఇప్పుడు పదునుకొచ్చింది. ఆలస్యం చేసినావంటే పోతాది" అన్నాడు. వాన పడిన తర్వాత నేల మరీ బురదా కాకుండా, ఎండి గడ్డా కాకుండా ఉండేది రెండు మూడు రోజులు. ఆ లోపల విత్తనం పడాలి. నలభై ఏళ్ళుగా ఆయన చూసేది ఆ పదునే. ఆ రోజు వెన్న పగల్లేదు, కరగలేదు. మా వాడు మరుసటి రోజే రెండు బ్యాటరీలు కొనుక్కొచ్చుకున్నాడు.

మడత కుదిరింది సరే, బాదం మిగిలింది. వెన్న, చక్కెర, బాదం పొడి, గుడ్డు, నాలుగూ సమపాళ్ళలో గిలక్కొట్టి, పచ్చి పిండిలో పెట్టి చుట్టినాడు. ఓవెన్లో అది కారి, మాడి, పొగ లేచి, ఎదురింటాయన మళ్ళీ వచ్చినాడు. ఈసారి బకెట్‌తో. ఆ వారం పోయింది. మరో వారమూ పోయింది. అప్పుడు వాడికి ఎక్కడో తెలిసిందేమంటే, పారిస్ బేకరీల్లో బాదం క్రువాసాన్‌ను పచ్చి పిండితో చేయరు. నిన్న అమ్ముడుపోక ఎండిపోయినవాటిని మధ్యకు కోసి, చక్కెర పాకంలో తడిపి, బాదం ముద్ద పూసి, పైన బాదం పలుకులు చల్లి మళ్ళీ కాలుస్తారు.

ఈ మాట వాడు చాలా గంభీరంగా చెప్పినాడు. మా అత్త పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంటే రాత్రి మిగిలిన సద్దికి తిరగబాత పెట్టి చిత్రాన్నం చేసినట్ల! దీనికేనా మీ నాయన్ని మిద్దె ఎక్కించింది?"

ఆ రోజు వంటింటి పెత్తనం ఆమె తీసుకుంది. ఎట్లాగూ ఇంట్లో నిన్నటివీ మొన్నటివీ డబ్బాకు డబ్బా ఉన్నాయి. బాదం అయిపోయింది. కిలో ధర విని మామ అప్పటికే రెండుసార్లు కూర్చున్నాడు. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాదే. అక్కడా కరువులే. ఒక్క గింజ పండడానికి నాలుగు లీటర్ల దాకా నీళ్ళు పోతాయని లెక్కలు వేసినవాళ్ళు చెప్తారు. ఇది విన్నప్పుడు మాత్రం మామ నవ్వలేదు. "నీళ్ళు లేనిచోట నీళ్ళు తాగే పంట వేసినారా వాళ్ళు గుడక?" అన్నాడు. వాళ్ళు గుడక అన్న మాటలో ఆయనకు కొంచెం ఊరట కనిపించింది.

అత్త కదిరి బుడ్డలు వేయించి, పొట్టు చెరిగి, బెల్లం వేసి దంచింది. ఏలక్కాయ, కొంచెం ఎండుకొబ్బరి. అంటే కర్జికాయల్లో పెట్టే పూర్ణం. కర్జికాయ కూడా నెలవంకే కదా, ఏ ఆస్ట్రియా సైనికుడూ తెచ్చి మప్పకుండానే. ఎండిన క్రువాసాన్లను బెల్లం పాకంలో ముంచి, ఈ పొడిలో వెన్న, గుడ్డు కలిపి పూసి, వాడి ఓవెన్లో వాడి కళ్ళ ముందే కాల్చింది. మేమంతా నిలబడే తిన్నాం. ఎదురింటాయన మూడు తిన్నాడు. పై పొర కరకర, లోపల బుడ్డల కమ్మదనం, అంచుల్లో బెల్లం కాస్త చేదెక్కి. ఇంత బాగా కుదిరినదాన్ని ఆ ఇంట్లో ఆ ఓవెన్ నుంచి కేకు తర్వాత మేం చూడలేదు.

మా బామ్మర్ది ఒకటి తిన్నాడు. "బాగుంది" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు తెలిసిపోయింది, ఇక దాన్ని వాడు ముట్టడు.

మొన్న కలిసినప్పుడు, మాకరాన్ అని ఇంకో ఫ్రెంచి వంట గురించి చెప్పినాడు. అదీ బాదం పొడితోనే. గాలిలో తేమ తక్కువుండే ఊర్లో బాగా కుదురుతుందట. "అయితే మన ఊరికి సరిగ్గా సరిపోతుంది కదరా, చెయ్యి" అన్నాను. "అదే బావా, సులభంగా వచ్చేస్తాది" అని పెదవి విరిచినాడు. ఈ ఆదివారం మళ్ళీ క్రువాసానే, ఈసారి పచ్చి పిండిలోనే బాదం నిలబెడతాడట. మామ నులకమంచం ఇంకా మిద్దె మీదే ఉంది.